నల్ల గీతల క్రీస్తు: గోడ తగవు వెనుక కథ

కోనసీమలో ఒక చర్చి లోపలి గోడ మీద యువ చిత్రకారుడు వేసిన క్రీస్తు ముఖాన్ని ఉంచాలా, సున్నం కొట్టించాలా అన్న తగవు మళ్లీ రాజుకుంది. దళసరి నల్ల గీతలు, సగం వాలిన పెద్ద రెప్పలు, రక్తమూ మట్టీ కలిసినట్టున్న రంగు చూస్తే ప్రార్థన మీద మనసు నిలవడం లేదని సంఘ పెద్దల్లో కొందరి అభ్యంతరం. తనకు దారి చూపినవాడు ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ రువో అని గీసినవాడు మొదటి నుంచీ చెబుతున్నాడు. డెల్టాలోకి మిషన్లు వచ్చిన వైనం ఇక్కడి పాఠకులకు కొత్త కాదు కనుక, కథను రువో దగ్గరే ఎత్తుకోవాలి.

1871లో పారిస్‌లో పుట్టిన రువో పద్నాలుగో ఏట రంగుటద్దాల పనిలో చేరి, పాత చర్చి కిటికీల మరమ్మతు నేర్చాడు. అద్దపు ముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీలే తర్వాత ఆయన చిత్రాల్లో నల్ల గీతలయ్యాయని కళావిమర్శకులు తరచూ చెబుతారు. వేశ్యలనూ సర్కసు విదూషకులనూ గీసిన చేతితోనే, అదే బరువైన గీతతో ఆయన క్రీస్తు ముఖాన్నీ గీశాడు. నీకు వికారమే రుచిస్తోందని 1907లో తప్పుపట్టినవాడు పరాయివాడు కాదు, ఆయన ఎంతో గౌరవించిన కేథలిక్ రచయిత లియోన్ బ్లువా.

అసలు మలుపు ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల్లోని అస్సీలో వచ్చింది. క్షయరోగుల శానిటోరియంలున్న ఆ ఊళ్లో కట్టిన చర్చికి 1950 ఆగస్టులో ప్రతిష్ఠ జరిగింది. జీవితమంతా క్రీస్తును గీసిన రువో పని రంగుటద్దాల రూపంలో ఆ గుడిలో వెలిసింది; ప్రతిష్ఠ నాటికి ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఆ కిటికీలు నిలిచాయి గానీ, బలిపీఠం మీద శిల్పి జెర్మేన్ రిషియే చేసిన కంచు శిలువ నిలవలేదు. ముఖం పోల్చుకోలేని, చేతులు మానులో కలిసిపోయిన ఆ రూపం దైవదూషణ అని దూరపు ఊళ్ల నుంచి నిరసన లేచింది. సురూపం గానీ సొగసు గానీ లేనివాడని బైబిల్లోని యెషయా గ్రంథం 53వ అధ్యాయం చెప్పినదే ఇక్కడ కనబడుతోందనీ, రోగులు దాన్ని తమదిగా భావిస్తున్నారనీ గుడి పక్షం వాదించింది. అయినా 1951లో బిషప్పు ఆజ్ఞతో దాన్ని తొలగించారు; మరుసటి ఏడాది రోమ్ నుంచి గుళ్లలో వింత బొమ్మలకు తావివ్వవద్దన్న ఉత్తర్వు కూడా వచ్చింది. మన చిత్రకారుడు ఇవాళ చూపుతున్నదీ ఆ యెషయా అధ్యాయాన్నే.

పెద్దలు మాత్రం తరతరాలుగా కొలుస్తున్న రూపం వేరంటున్నారు. ఆ తరాలను లెక్కపెట్టి చూడాలి. భుజాల మీద జారిన గోధుమరంగు జుట్టు, మెత్తని వెలుగు ఉన్న ఆ ముఖాన్ని ఎక్కువగా వ్యాపింపజేసింది షికాగో చిత్రకారుడు వార్నర్ సాల్మన్ 1940లో వేసిన తైలవర్ణ చిత్రం. దాని ప్రతులు 50 కోట్లకు పైగా అచ్చయ్యాయని అంచనా. ఈ వ్యాసకర్త పెరిగిన ఇంట్లోనూ ధాన్యం వ్యాపారి పంచిన క్యాలెండరు మీద అలాంటి ముఖమే ఉండేది, అమ్మ దాని ముందే మోకరించేది. అయితే అది రువో నల్ల గీతల కన్నా వయసులో చిన్నది.

1836లో నరసాపురం ప్రాంతానికి వచ్చిన బ్రదరన్ అనే ప్రొటెస్టంట్ శాఖ మిషనరీల బాటలో నడిచే సంఘాలది వేరే మాట. అసలు ఏ బొమ్మా వద్దనే వారి పట్టుదలలో పొంతన ఉంది. క్యాలెండరును మేకుకు ఉంచి గోడకు మాత్రం సున్నం కొట్టమనే వారి వాదనలో అది కనబడదు.

అస్సీలో శిలువను తీసి పక్కన పెట్టారు గనుక, చాలా ఏళ్ల తర్వాత తిరిగి బలిపీఠం మీదికి తేగలిగారు. ఇక్కడి ముఖం బట్ట మీదో చెక్క మీదో లేదు, నేరుగా గోడ గార మీదే ఉంది.