పిల్లల వార్డులో మనసు సంగతి: శిక్షణ ఎందుకు వెనకబడింది?

బెంగళూరులో కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి, మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ దాదాపు పక్కపక్కనే ఉంటాయి. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి పిల్లల్ని తీసుకుని బస్సో రైలో ఎక్కే తెలుగువాళ్లకు ఇవి కొత్త పేర్లు కావు. ఒంటికి జబ్బు చేస్తే ఒక గేటు, మనసుకైతే ఇంకో గేటు. జబ్బుపడ్డ పిల్లల్లో ఈ రెండూ వేరుగా ఉండవని వైద్యులకు తెలిసి చాలా కాలమే అయింది. ఆ తెలివిడి వార్డులో నర్సు దాకా ఇంకా పూర్తిగా చేరలేదు.

పిల్లల జబ్బుల వైద్య చరిత్రలో మన తెలుగాయన కూడా ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ సంస్థ తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. గుణం కొన్ని నెలలే నిలిచింది. కానీ అప్పటిదాకా వారాల్లోనో నెలల్లోనో పోయే పిల్లలకు కాస్త గడువు దొరికింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుతున్నారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియాకు ఇప్పుడు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది, మంచి వైద్యం అందితే ఎక్కువమంది బతుకుతారు. అన్నాళ్లూ సూదులు, వెన్నులో ఇంజెక్షన్లు, జుట్టు రాలడం, బడి మానడం. పిల్లవాడి భయం గురించి ఆలోచించాల్సిన అవసరం ఒకరకంగా మందు గెలిచాకే పెరిగింది.

అదే కాలంలో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో తల్లిదండ్రుల్ని లెక్కపెట్టిన వేళల్లోనే లోపలికి రానిచ్చేవారు. పిల్ల ఏడుపు మానేస్తే ‘అలవాటుపడింది’ అనుకునేవారు. అది అలవాటు కాదని, ఆశ వదులుకోవడమని సామాజిక కార్యకర్త జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల పాప మీద తీసిన చిత్రంతో 1952లో చూపించారు. చూసిన వైద్యులు చాలామంది మండిపడ్డారు. అయినా 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ తల్లిని ఉండనివ్వాలని, డాక్టర్లకూ నర్సులకూ చదువులోనే పిల్లల మనసు గురించి నేర్పాలని చెప్పింది.

మన దగ్గర తల్లి ఎప్పుడూ మంచం పక్కనే ఉంది. అందుకే ఇక్కడ ఆ సమస్య లేదనుకున్నాం. నా లెక్కలో మనం పొరబడింది అక్కడే. ఆ తల్లి బిల్లు కట్టడానికి, రక్తం తేవడానికి, మందుల షాపుకి పరిగెడుతుంది. పిల్లవాడితో ఏం చెప్పాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ‘చీమ కుట్టినట్టుంటుంది, అంతే’ అంటుంది. నర్సూ అదే అంటుంది. ఇంటి దగ్గరేమో ‘అల్లరి చేస్తే సూది వేయిస్తా’ అని బెదిరించి పెంచాం. ఆరేళ్ల పిల్లవాడు తనకొచ్చిన జబ్బు తన అల్లరికి శిక్ష అనుకుంటే వింతేముంది?

బెంగళూరుకు ఈ విషయంలో ఒక వారసత్వం ఉంది. 1974లో నిమ్హాన్స్ ఏర్పడిన కొద్దికాలానికే, ఊరి శివారు సకలవారలో, మానసిక వైద్యం సైకియాట్రిస్టుల చేతుల్లోనే ఉండక్కర్లేదని ప్రయోగాలు మొదలయ్యాయి. తెలుగు బాగా వినపడే బళ్లారి జిల్లాలో 1980ల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ నమూనాయే ఆధారం. మంచి ఆలోచనే. అయితే అది ముఖ్యంగా తీవ్రమైన మానసిక జబ్బులు, మూర్ఛలాంటి వాటి కోసం పుట్టింది. కీమో ఎక్కించుకుంటూ మాట మానేసిన పాప ఆ పట్టికలో ఎక్కడా పట్టదు.

ఇక భాష. కన్నడంలోనో మలయాళంలోనో మాట్లాడే నర్సుకు, తెలుగు పిల్లవాడికి మధ్య దుబాసీ సాధారణంగా తల్లే. ఆమెకు ‘క్యాన్సర్’ అన్న మాట బిడ్డ చెవిన పడటమే ఇష్టం ఉండదు, కాబట్టి సగమే చెబుతుంది. దాస్తే పిల్లలకు తెలియదనుకోవడం ఉత్త భ్రమ. చిన్నపిల్లలు కూడా తాము పోతున్నామని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తారని లుకేమియా వార్డులో పరిశీలించిన మానవశాస్త్రవేత్త మైరా బ్లూబాండ్-లాంగ్నర్ 1978లోనే రాశారు.

జబ్బుపడ్డ పిల్లల మనసు గురించిన శిక్షణలో నేర్పేది బ్రహ్మవిద్యేమీ కాదు. చేయబోయేది ముందే నిజంగా చెప్పడం, ఏ చేతికి సూది వేయాలో పిల్లనే అడగడం, బొమ్మ మీద చేసి చూపించడం, నలుగురు కలిసి గట్టిగా అదిమిపెట్టకుండా తల్లి ఒళ్లో కూర్చోబెట్టడం, ‘ఇది నీ తప్పు వల్ల రాలేదు’ అని చెప్పడం. కష్టమంతా టైము దగ్గరే వస్తుంది. ఒక నర్సు మీద అన్ని మంచాలుంటే బొమ్మతో ఆడించేదెప్పుడు? నేర్చుకున్న నర్సు ఉద్యోగం మారితే వార్డు మళ్లీ మొదటికొస్తుంది.

2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో ఎలా మాట్లాడాలో పాఠంగా చేర్చారు. 2022లో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులు వాడుకోవచ్చు. కానీ పిల్లలు ఎక్కువగా భయపడేది రక్తం తీసే టెక్నీషియన్‌కి, కట్టు మార్చే నర్సుకి. అర్ధరాత్రి స్ట్రెచర్ తోసే ఆయా కూడా వాళ్లతో ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. శిక్షణ అనగానే ముందు ఈ ముగ్గురినీ పిలిచే ఆసుపత్రులు అరుదు.