పిల్లలు కానియ్యని జబ్బు తరతరాలు ఎట్ల వస్తది?

హన్మకొండల ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది, రెండు రోజులు నన్ను వదల్లేదు. "మగాయనకు పిల్లలే కాకపోతే ఆ జబ్బు ఆయనతోనే ఆగిపోవాలె గదా, మల్ల జీన్స్‌ల ఉంటది అంటరేంది?" మస్తు పాయింట్.

టెక్స్11 అనే జీన్‌ను చూడుర్రి. ఇందుల తప్పుంటే మగోళ్లకు వీర్యకణాలు తయారుగాకపోవచ్చు. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటది. మగోళ్లకు ఎక్స్ ఒక్కటే, అదీ అమ్మ ఇచ్చిందే. అమ్మకు రెండు, ఒకదాంట్ల తప్పున్నా ఇంకోటి పని నడిపిస్తది, పిల్లలు అయితరు, తప్పు మోస్తున్నట్టు ఆమెకే తెల్వదు. ఒక్కో కొడుక్కు వచ్చే ఛాన్స్ సగం, ఒక్కో బిడ్డకు గూడ సగం, గా బిడ్డ మళ్ల ముందటికి తీస్కపోతది.

ఇంతకు అది చేసే పనేంది? వీర్యకణం తయారైతప్పుడు 46 క్రోమోజోములు 23 కావాలె, దానికి ముందు అమ్మ నుంచి వచ్చిన క్రోమోజోమ్, నాన్న నుంచి వచ్చినది జతకూడాలె. టైలర్ చెక్స్ బట్ట కుడితే ఏం చేస్తడు, గీతకు గీత కలిపి ముందుగాల అక్కడక్కడ కచ్చా కుట్టు వేస్తడు, తర్వాతనే అసలు కుట్టు, లేకుంటే గీతలు తప్పుతయి. కణంల గూడ గట్లనే: స్పో11 అనే ప్రొటీన్ డీఎన్ఏను కత్తిరిస్తది, ఆ కోతలు అతుక్కునే జాగలల్ల టెక్స్11 కూసుంటది, జత పొడుగూత జిప్పు లెక్క అతుక్కునేటట్టు చేస్తది, అమ్మ ముక్క నాన్న ముక్క మారుతయి. మగ కణంల ఇట్లాంటి మార్పిళ్లు దాదాపు 50, ఒక్కో జతకు కనీసం ఒకటి పడాలె. ఎక్స్, వై అయితే ఒకదానికొకటి సరిపోని బట్టలు, కొసకే కుట్టు పడతది. కచ్చా కుట్టు లేకుంటే జతలు విడిపోతయి, కణం సగంలనే ఆగి చచ్చిపోతది, రిపోర్ట్‌ల వీర్యకణాల కౌంట్ జీరో.

2015ల కౌంట్ జీరో ఉన్న 289 మందిని చూస్తే 7గురికి టెక్స్11ల తప్పు దొరికింది, న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌ల వచ్చింది. కణాలు సగంలనే ఆగినోళ్లు 33 మంది, ఆ 7గురిల 5గురు వీళ్లల్లనే.

మేనరికం వల్లనా అని అడుగుతరు. దీనికి కాదు, కొడుక్కు ఎక్స్ నాన్న నుంచి రానే రాదు. ఇగ మనోళ్లేమో కోడలికి తాయెత్తు కడతరు, టెస్టులన్నీ ఆమెకే, ఆయనది ఒక్క సీమెన్ టెస్ట్ చేపియ్యనీకి ఐదేండ్లు. డాక్టర్ కాడికి పోతే మీ మేనమామల సంగతి గూడ చెప్పుర్రి, అమ్మ తోడవుట్టినోళ్లకు పిల్లలున్నరా లేరా అని. అమ్మ మోసే ఎక్స్ వాళ్లకూ అమ్మమ్మ నుంచే వచ్చి ఉండొచ్చు.