లంచం తీసుకోకపోతే చాలా? ప్రభుత్వ ఆఫీసు, నీతి: అపోహలు - వాస్తవాలు

ఉమ్మడి వరంగల్ జిల్లా తహసీల్ ఆఫీసుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. హన్మకొండలో గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదివే పిల్లలు కలిసినప్పుడల్లా ఎథిక్స్ గురించి అడుగుతారు. సివిల్స్‌లో 2013 నుంచి దానికి 250 మార్కుల పేపరే ఉంది మరి. వాళ్ల నోటా, బయట జనం నోటా తరచుగా వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: లంచం ముట్టని ఆఫీసరైతే చాలు, నీతిపరుడే.

వాస్తవం: అది సగమే. భూముల రికార్డుల పోర్టల్ ధరణి రాకముందు మాట. పర్వతగిరి వైపు నుంచి ఒక అవ్వ విరాసత్ కోసం మా ఆఫీసుకు వచ్చేది. భర్త చనిపోయాడు, రెండెకరాలు ఆమె పేరు మీదికి మారాలి. ఆధార్‌లో లక్ష్మమ్మ, రేషన్ కార్డులో లచ్చమ్మ. ఫైలు అక్కడే ఆగింది. ఆ సీటు చూసేవాడు పైసా ముట్టని మనిషి, చాయ్ కూడా సొంత డబ్బులతోనే తాగేవాడు. కానీ సంతకం చేస్తే రేపు ఎవరైనా అడుగుతారేమోనని టెన్షన్. అందుకని "వచ్చే వారం రా అవ్వా" అనేవాడు.

ఒకరోజు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి ప్లాస్టిక్ కవరు విప్పింది. పహాణీ (భూమి రికార్డు) నకలు, మరణ ధ్రువపత్రం, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన బస్సు టికెట్లు. "గివి సూడు సారూ, నేను అచ్చినట్టు సాక్ష్యం" అంది. పదకొండు టికెట్లు లెక్కపెట్టాను. అంటే పత్తి ఏరే కూలి పదకొండు రోజులు పోయింది.

మర్నాడు ఊరికి పోయి పంచాయతీ అరుగు మీద కూర్చున్నాం. లక్ష్మమ్మ, లచ్చమ్మ ఇద్దరూ ఒక్కరేనని ఇరుగుపొరుగు చెబితే పంచనామా రాసుకున్నాం. పేరు తేడా తేలడానికి ఒక్క పూట సరిపోయింది. నోటీసు గడువు దాటగానే పట్టా మారింది. లంచం లేని మా ఆఫీసు ఆమె దగ్గర లంచం కంటే ఎక్కువే తీసుకుందని నాకు ఇప్పటికీ బాధ. తన పరిధిలో ఉన్న సంతకం చేయడానికి భయపడటం కూడా నీతి తప్పడమే అని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: రూల్ బుక్కు ఉండగా నీతితో పనేంటి?

వాస్తవం: వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అందరి బల్లల మీదా అదే పుస్తకం. "మా దగ్గర వెట్టి లేదు" అని ఒక్క ముక్క రాసి పంపితే పుస్తకం లేచి అడగదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమం చూసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు వెట్టివాళ్లను వెతికి విడిపించే పనిని పట్టుబట్టి చేయించారు. జీతంలో చాలా భాగం దళిత పిల్లల చదువులకు ఇచ్చారనీ, 2005లో పద్మభూషణ్ వద్దన్నారనీ అందరూ చెప్పుకుంటారు. ఆ త్యాగం గొప్పదే. నాకు మాత్రం ఆ వెతకడమే ఎక్కువ గొప్పగా కనిపిస్తుంది. ఏ రూలూ ఆ ఓపికను ఇవ్వలేదు.

అపోహ: నీతి మనిషికి ఉండాలి గానీ పాలసీకి ఏముంటుంది?

వాస్తవం: ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చూడండి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. ఇక నుంచి సుంకం మాత్రమే తీసుకుంటామని ఆయన రాతి మీద చెక్కించాడు. నష్టపోయినవాడి మీద ఇంకో దెబ్బ వేయకూడదన్నది అక్కడి విలువ. అదే పాలసీ అయింది.

ఇప్పటి రేషన్ షాపునే తీసుకోండి. అనర్హుడు ఒక్కడూ రాకూడదని వేలిముద్ర ఒక్కటే దారిగా పెడితే, ములుగు, భూపాలపల్లి చేలల్లో ఏళ్ల తరబడి మిర్చి ఏరిన ముసలమ్మ వేలు మిషన్‌లో పడదు. ఒక అనర్హుడిని ఆపడానికి ఎంతమంది అర్హులను వెనక్కి పంపుదాం? ఈ ప్రశ్న కంప్యూటర్ వేసుకోదు, రూలు రాసేవాళ్లే వేసుకోవాలి. ఇంకో దారి లేకుండా ఏ రూలూ రాయొద్దని నేనంటాను.

అపోహ: తప్పంతా లంచం తీసుకునేవాడిదే.

వాస్తవం: అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్లకు రక్షణ ఉంది. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్ ఫ్రీ నంబరు 1064.

ఇంకొక్క మాట. ఏ ఆఫీసులో అర్జీ ఇచ్చినా, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చినా రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాసివ్వమని అడగండి. ఉలుకూ పలుకూ లేకపోతే, ఫైలు ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఉందో సమాచార హక్కు కింద అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అవ్వ చేతిలో మా ఆఫీసు ఒక్క రసీదు కూడా పెట్టలేదు. అందుకే ఆమె టికెట్లు దాచుకుంది.