క్యూబు అంకెలు, వరద లెక్కలు: అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళంలో ఒక కాంక్రీటు పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. వంశధార, నాగావళి ఇసుకతో పోసిన కాంక్రీటు 150 మిల్లీమీటర్ల క్యూబులుగా మా దగ్గరికి వస్తుంది. 28 రోజులు నీళ్లలో నానుతుంది, ఆ తర్వాత యంత్రం కింద నలుగుతుంది. చివరికి మిగిలేది రిజిస్టరులో ఒక అంకె. ఆ అంకెను నమ్ముకునే పైన స్లాబు నిలబడుతుంది. దాన్ని చదవడంలో ఏళ్ల తరబడి చూస్తున్న పొరపాట్లను, ఇప్పుడిప్పుడే డిప్లొమా ముగించి సైట్లకు వస్తున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం రాస్తున్నాను.

అపోహ: ఎం25 కాంక్రీటుకు సగటు 25 వస్తే చాలు.

ఎం25 అంటే 28 రోజుల క్యూబు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవలసిన కాంక్రీటు. సగటు 25 అంటే దాదాపు సగం ఫలితాలు 25 కన్నా తక్కువ ఉన్నట్టే. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణ కోడు ఐఎస్ 456 కోరేది వేరు: నూటికి ఐదు ఫలితాలకు మించి 25 కిందికి పోకూడదు. అందుకే మిశ్రమం డిజైను చేసేటప్పుడు ప్రామాణిక విచలనాన్ని 1.65తో గుణించి 25కు కలుపుతాం. అంకెలు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతే ఈ విచలనం. సైటుకు సొంత లెక్క లేనప్పుడు ఎం25కు దాన్ని 4గా తీసుకోమని 2000 నాటి కోడు చెబుతుంది. 1.65ను 4తో గుణిస్తే 6.6. కాబట్టి మనం గురి పెట్టవలసిన సగటు 31.6.

సరే, సగటు అక్కడికి చేరింది. ఇక నిశ్చింతేనా? ఉదాహరణకు రెండు సైట్లు తీసుకుందాం. మొదటి సైటు ఫలితాలు 30, 32, 31, 33, 30, 31, 33, 32. రెండో సైటువి 24, 40, 22, 39, 38, 23, 41, 25. రెండింటి సగటూ 31.5. విచలనం మొదటిదానికి 1.2, రెండోదానికి 8.6. సగటు మాత్రమే రాసి పంపితే పై అధికారికి రెండు సైట్లూ ఒకటే. స్లాబుకు మాత్రం కావు. స్లాబులో బలమైన చోటు బలహీనమైన చోటుకు అప్పు ఇవ్వదు.

రెండో సైటు అంకెలను మరోసారి చూడండి. 22 నుంచి 25 వరకు ఒక గుంపు, 38 నుంచి 41 వరకు ఇంకో గుంపు, మధ్యలో ఖాళీ. ఇలాంటి చోట విచలనం లెక్కగట్టి సూత్రంలో పెట్టినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ సూత్రం ఫలితాలన్నీ ఒకే గంట ఆకారపు వక్రరేఖలో ఒదుగుతాయని నమ్ముతుంది. ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు కాంక్రీట్లు. ముందు అడగవలసిన ప్రశ్న, ఆ రెండూ ఎక్కడ విడిపోతున్నాయి అని.

కొన్నేళ్ల కిందట ఒక సైటు నుంచి సరిగ్గా ఇలాగే రెండు గుంపులు వచ్చాయి. రిజిస్టరులో తేదీ ఉంది, వేళ లేదు. క్యూబు పోసిన వేళ కూడా రాయమని అడిగాం. రెండు వారాల తర్వాత, ఏడు రోజుల పరీక్షల్లోనే సంగతి బయటపడింది. తక్కువ వచ్చినవన్నీ మధ్యాహ్నం భోజనాల తర్వాత పోసినవి. మే నెల ఎండకు కాంక్రీటు బిగుసుకుపోతుంటే, పని సాగడం కోసం కాంక్రీటు కలిపే మిల్లరులో అదనంగా ఒక బకెట్టు నీళ్లు పోస్తున్నారు. నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతుంది. మేస్త్రీని తప్పు పట్టి లాభం లేదు, ఆ ఎండలో గట్టిపడిన కాంక్రీటును ఎవరూ సర్దలేరు. పోతను తెల్లవారుజామునే మొదలుపెట్టించి, కంకర కుప్ప మీద తడి గోనె సంచులు కప్పించాక తక్కువ అంకెల గుంపు మాయమైంది. ఆ జబ్బును పట్టించింది రిజిస్టరులో కొత్తగా గీసిన ఒక్క గడి.

అపోహ: మూడు క్యూబులు పోస్తే మూడు నమూనాలు.

కాదు. ఒకే విడతలో కలిపిన కాంక్రీటు నుంచి తీసిన మూడు క్యూబులూ కలిసి ఒకే నమూనా. వాటి మధ్య తేడా చెప్పేది ఎక్కువగా అచ్చులో కాంక్రీటును మనం కూరిన తీరు, మన పరీక్ష ఎంత బాగున్నాయో. కాంక్రీటు రోజురోజుకూ ఎలా మారుతోందో తెలియాలంటే వేర్వేరు విడతల నుంచి తీయాలి. విచలనం లెక్కకు కోడు కనీసం 30 నమూనాలు అడుగుతుంది. వాటన్నిటినీ ఒకే పూట తీసి పంపిస్తే 30 అనే మాటకు విలువే లేదు.

అపోహ: వింతగా తక్కువ వచ్చిన అంకెను తీసేస్తే లెక్క శుభ్రపడుతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఒక నమూనాలో ఏ క్యూబైనా ఆ మూడింటి సగటుకు 15 శాతం మించి తేడాగా ఉంటే ఆ నమూనా ఫలితమే చెల్లదంటుంది కోడు. అంతేగాని నచ్చని క్యూబును తీసేసి మిగిలిన రెండింటినీ పాస్ చేయమనదు. అంచు విరిగిందా, తేనెతుట్టెలా గుల్లలున్నాయా, యంత్రంలో వంకరగా కూర్చుందా? కంటికి కనిపించిన కారణం ఉంటే దాన్ని రాసి ఆ ఫలితాన్ని పక్కన పెట్టవచ్చు. కారణం దొరకకపోతే ఆ అంకె రిజిస్టరులో అలాగే ఉండాలి. ఒకసారి ఒక గుత్తేదారు తెచ్చిన రిజిస్టరులో నెలంతా 31.2, 31.4, 31.3 అంటూ ఉంది. అంత నున్నగా ఏ కాంక్రీటూ ఉండదు. చెదరని అంకెలను చూస్తే నాకు చెదిరిన అంకెల కన్నా ఎక్కువ భయం.

అపోహ: ఏడు రోజుల ఫలితం నుంచి 28 రోజులది ఎప్పుడైనా లెక్కగట్టవచ్చు.

గట్టవచ్చు, కానీ ఏడు రోజుల బలానికీ 28 రోజుల బలానికీ సంబంధం చూపుతూ మీరు గీసిన గీత ఏ సిమెంటు మీద గీశారో ఆ సిమెంటుకే. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు (ఓపీసీ)తో తయారైన గీతను, ఫ్లైయాష్ అనే బొగ్గు బూడిద కలిపిన సిమెంటు (పీపీసీ)కి వాడితే తప్పుతుంది. ఫ్లైయాష్ మెల్లగా పనిచేస్తుంది, మొదటి వారంలో వెనకబడి తర్వాత అందుకుంటుంది. బ్రాండు మారినా, ఇసుక మారినా గీతను మళ్లీ సరిచూసుకోవాలి.

అపోహ: వందేళ్ల వరద వచ్చి వెళ్లింది, ఇక వందేళ్లు రాదు.

కల్వర్టులు, చప్టాలు కట్టే చోట ఈ మాట తరచూ వింటాను. మా జిల్లా 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానును చూసింది, 2018 అక్టోబరులో తిత్లీని చూసింది. ప్రకృతికి వంతులు లేవు. వందేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని మాత్రమే. ఏ ఏడాది అవకాశం ఆ ఏడాదిదే అనుకుంటే, 30 ఏళ్లు నిలవాల్సిన చప్టాకు ఆ కాలంలో ఒక్కసారైనా అలాంటి వరద తగిలే అవకాశం సుమారు 26 శాతం, నూరేళ్లలో 63 శాతం. ఈ లెక్క తెలిసిన తర్వాత నీటి దారిని కుదించి గోడ కట్టడానికి చేయి రాదు.

మన పొరుగునే జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1926లో ఒడిశాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగుభాగం పైకి లేచింది, కట్టలు ఇంకా ఎత్తు పెంచాలి అన్నారు ఇంజనీర్లు. సంఖ్యాశాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ సుమారు 60 ఏళ్ల రికార్డులు ముందేసుకుని నది అడుగుభాగం లేవలేదని చూపించారు. పైభాగంలో ఆనకట్టలు కడితే వరద అదుపులోకి వస్తుందన్నారు. ఆ 60 ఏళ్లపాటు నీటిమట్టం రాసుకుంటూ పోయిన గుమాస్తాల పేర్లు మనకు తెలియవు. వాళ్లు ఏ ఏడాది అంకెనైనా బాగాలేదని కొట్టేసి ఉంటే మహలనోబిస్ దగ్గర లెక్క వేయడానికి ఏమీ ఉండేది కాదు.