మాయా నగరానికి రంగులు వేస్తూ నేర్చుకున్నవి: అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో ఒక వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలో ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టుని. తెరమీద పాత నగరాలు కట్టడం నా పని. కొన్నేళ్ళ క్రితం ఒక విదేశీ డాక్యుమెంటరీ కోసం మాయా నగరం కట్టాల్సి వచ్చింది. మాయా అంటే భ్రమ కాదు, ఇప్పటి దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్ ప్రాంతాల్లో గుళ్ళూ పిరమిడ్లూ కట్టిన జనం. మొదటి వారం నేను చేసిన గుడి బూడిద రంగులో, నాచు పట్టి, గోడల సందుల్లోంచి చెట్ల వేళ్ళు వేలాడుతూ భలేగా వచ్చింది. మా ఫ్లోర్‌లో అందరూ మెచ్చుకున్నారు. అవతలి నుంచి పురావస్తు సలహాదారు ఒకే ఒక్క ప్రశ్న రాసి పంపారు: "గుళ్ళో పూజలు జరుగుతున్నప్పుడే గోడల్లో చెట్లు మొలిచాయా?"

అప్పటి నుంచి మాయాల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. ఆఫీసులో, చుట్టాలింట్లో, కథా చర్చల్లో పదే పదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మాయా గుళ్ళు బూడిద రంగు రాతి కట్టడాలు.

నా గుడి పరువు పోయింది ఇక్కడే. మనం ఫొటోల్లో చూసేవి వెయ్యేళ్ళు వానకి తడిసి, అడవిలో మునిగిపోయిన శిథిలాలు. వాడుకలో ఉన్నప్పుడు వాటి మీద మందంగా సున్నపు గచ్చు ఉండేది, ఆ గచ్చు మీద రంగు. ఎక్కువగా ఎరుపు. హోండురాస్‌లోని కోపాన్‌లో 1989లో ఒక పిరమిడ్ లోపల ఇంకో గుడి బయటపడింది. కొత్త గుడి కట్టేటప్పుడు పాతదాన్ని పగలగొట్టకుండా, పూడ్చి పైన కట్టేశారు. రోసలీలా అని పేరు పెట్టారు దానికి. రంగులు అలాగే ఉన్నాయి. అక్కడి మ్యూజియంలో దాని నిలువెత్తు నమూనా ఉంది. ఫొటో చూస్తే మన ఊరి గాలిగోపురానికి కొత్తగా రంగులేసినట్టు కళ్ళు జిగేల్మంటాయి. మా డైరెక్టరు ఆ ఎరుపు చూసి "సెట్టు వేసినట్టుంది, నమ్మరు" అన్నాడు. నిజం సెట్టులా, సెట్టు నిజంలా కనిపించడం మా వృత్తిలో రోజూ ఉండే తలనొప్పే.

అపోహ: 'అపోకలిప్టో'లో భాష, బట్టలు అన్నీ కరెక్టు. కాబట్టి అది చరిత్ర.

దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను. 2006లో వచ్చిన మెల్ గిబ్సన్ సినిమా ఇది. అడవిలోని ఒక పల్లె మీద మాయా నగరం మనుషులు పడి జనాన్ని బలికి పట్టుకుపోతారు, హీరో తప్పించుకుని పరిగెడతాడు. డైలాగులన్నీ యుకాతెక్ మాయా భాషలో ఉంటాయి. గ్వాటెమాలా అడవుల్లోని ఎల్ మిరదోర్‌లో ఏళ్ళ తరబడి తవ్వకాలు చేసిన రిచర్డ్ హాన్సెన్ సలహాదారు. మేకప్‌కీ సౌండ్‌కీ కలిపి మూడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. పచ్చబొట్లు, చెవుల అలంకారాలు, సున్నం కొట్టుకుపోయిన కూలీల ఒళ్ళు చూస్తే మా పనివాళ్ళం దండం పెట్టాల్సిందే. అడవిలో ఆ పరుగు సంగతి చెప్పక్కర్లేదు. కథా చర్చల్లో "అపోకలిప్టో టైపులో ఒక ఛేజ్" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

కానీ ఆ కథ ఏ శతాబ్దంలో జరుగుతోంది? సున్నం కాల్చడానికి అడవులు నరికి నగరం దెబ్బతినడం అన్న ఊహ ఎల్ మిరదోర్‌ది. ఆ నగరం ఖాళీ అయింది క్రీ.శ. 150 ప్రాంతంలో. పిరమిడ్ల పోలిక గ్వాటెమాలాలోనే ఉన్న ఇంకో మాయా నగరం తికాల్‌ది, 8వ శతాబ్దం. కరువు, రోగం, కుళ్ళిపోతున్న నగరం అన్న వాతావరణం మాయా నగరాలు ఒక్కొక్కటీ ఖాళీ అయిన 9వ శతాబ్దపు పతనం నుంచి తెచ్చుకున్నది. ఆఖరి సీనులో ఒడ్డుకి వచ్చే స్పానిష్ ఓడలు 16వ శతాబ్దానివి. మన లెక్కలో చెప్పాలంటే శాతవాహనుల ఊళ్ళో తూర్పు చాళుక్యుల గుడి కట్టి, దాని ముందు కృష్ణదేవరాయల్ని నిలబెట్టినట్టు.

ఇందులో గ్రహణం సీను ఇంకో తమాషా. పగలు సూర్యగ్రహణం పడుతుంది, ఆ రాత్రే ఆకాశంలో నిండు చంద్రుడు. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుందని మా అమ్మమ్మని అడిగినా చెప్పేది. గ్రహణాల లెక్కలో మాయాలు ఆరితేరినవాళ్ళు. డ్రెస్డెన్ గ్రంథం అనే వాళ్ళ మడతల పుస్తకంలో 405 చాంద్రమాసాలకి, అంటే దాదాపు 33 ఏళ్ళకి, గ్రహణాలు ఎప్పుడెప్పుడు రావచ్చో పట్టిక ఉంది. అలాంటివాళ్ళ మీద తీసిన సినిమాలో ఈ తప్పు దొర్లడం చూస్తే నవ్వొస్తుంది.

అయినా ఇవన్నీ నేను క్షమించేస్తాను. కాలాన్ని కుదించడం సినిమా హక్కు. రెండు గంటల్లో పద్నాలుగు శతాబ్దాలు పట్టవు కదా. నా పేచీ హీరో ఊరితో. ఆ ఊళ్ళో వేట తప్ప ఇంకో బతుకు కనిపించదు. చుట్టుపక్కల మొక్కజొన్న చేను లేదు. నడిచి వెళ్ళే దూరంలో అంత నగరం ఉంటే, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు నోరెళ్ళబెడతారు. నిజానికి మాయా పల్లె అంటేనే మొక్కజొన్న. మనిషిని మొక్కజొన్న పిండితోనే చేశారని చెప్పుకునే జనం వాళ్ళు. ఉత్తర గ్వాటెమాలాలో విమానం నుంచి లేజర్ కిరణాలతో, లైడార్ అంటారు, 2,144 చదరపు కిలోమీటర్లు కొలిచి 2018లో ఫలితాలు ప్రచురించారు. చెట్ల కింద 61,480 కట్టడాలు తేలాయి. ఇళ్ళు, మెట్లు మెట్లుగా చెక్కిన చేలు, కాలవలు, ఎత్తు రోడ్లు. కొలిచిన చోటే కాదు, చుట్టూ ఉన్న మాయా మైదాన ప్రాంతం మొత్తంలో 8వ శతాబ్దం నాటికి 70 లక్షల నుంచి కోటీ పది లక్షల మంది ఉండి ఉంటారని అంచనా. ఊరు, చేను, సంత, నగరం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బతికిన చోటు అది. దాన్ని అమాయకపు అడవి మనుషులు, రాక్షసుల్లాంటి పట్నం మనుషులు అని రెండు ముక్కలు చేశారు.

ఎందుకు చేశారంటే, సినిమా మొదట్లోనే ఒక సూక్తి వేస్తారు: లోపల కుళ్ళిన నాగరికతే బయటివాడికి లొంగుతుందని. కథంతా ఆ సూక్తికి నిదర్శనంగా నడవాలి. భాష కరెక్టుగా ఉంది, పచ్చబొట్టు కరెక్టుగా ఉంది, కాబట్టి ఇదీ కరెక్టే అయ్యుంటుందని మనం తలాడిస్తాం. భాషా బట్టా ఎంత సరిగ్గా ఉంటే ఆ అబద్ధం అంత బాగా అతుకుతుంది. నాకు భయం వేసేది ఇక్కడే, ఎందుకంటే ఆ వివరాలు సరిచేసి ఇచ్చేది మాలాంటివాళ్ళమే.

అపోహ: మాయాలు రోజూ వందలమందిని బలి ఇచ్చేవాళ్ళు. / అబ్బే, అంతా పాశ్చాత్యుల కట్టుకథ.

రెండూ తప్పే. గుండె పెకలించి జనాన్ని వరసపెట్టి చంపే దృశ్యం మన కళ్ళలో నాటుకుపోయింది ఆజ్టెక్‌ల వల్ల. వాళ్ళ రాజధాని ఇప్పటి మెక్సికో సిటీ ఉన్నచోట ఉండేది, తికాల్‌కి వెయ్యి కిలోమీటర్ల దూరం. సినిమావాళ్ళు ఇద్దర్నీ కలిపి ఒకే గిన్నెలో వండేస్తారు.

అలాగని మాయాలు సాధువులూ కాదు. 20వ శతాబ్దం మొదట్లో పెద్ద పెద్ద పండితులే వాళ్ళని యుద్ధం తెలియని, నక్షత్రాలు లెక్కపెట్టుకునే ప్రశాంత జీవులుగా రాశారు. 1946లో మెక్సికో అడవుల్లోని మాయా నగరం బోనాంపాక్ కుడ్యచిత్రాలు బయటి ప్రపంచానికి తెలిశాయి. వేళ్ళ నుంచి రక్తం కారుతూ మెట్ల మీద పడి ఉన్న బందీలు, పైన నిలబడ్డ రాజు. తర్వాత 1950ల నుంచి లిపి చదవడం మొదలయ్యాక రాళ్ళ మీద ఉన్నది రాజుల పేర్లు, వాళ్ళు పట్టుకున్న శత్రువుల పేర్లు అని తేలింది. క్లాసిక్ యుగం అనే కాలంలో, అంటే సుమారు క్రీ.శ. 250 నుంచి 900 దాకా, రాజులు గొప్పగా చెక్కించుకున్నది ఎక్కువగా పట్టుబడ్డ రాజునో, దొరనో. రాజు తన రక్తం తానే తీసి దేవుళ్ళకి ఇవ్వడం కూడా పెద్ద క్రతువే. మెక్సికోలో యుకాతాన్ ప్రాంతపు మాయా నగరం చిచెన్ ఇట్సాలో అయితే ఒక భూగర్భ గోతిలో వందకి పైగా పిల్లల అవశేషాలు దొరికాయి. వాటిలో 64 మంది డీఎన్‌ఏ చూస్తే అందరూ మగపిల్లలేనని 2024లో ప్రచురించారు, అందులో రెండు జతలు కవలలు. బలి నిజం. కానీ ఎవరిని, ఎప్పుడు, ఎందుకు అనే లెక్క ఉన్న బలి. సినిమాలో ఆ లెక్క ఎగిరిపోయి కత్తి ఒక్కటే మిగులుతుంది.

అపోహ: 2012లో ప్రపంచం అంతమవుతుందని మాయాలు చెప్పారు.

2009లో హాలీవుడ్ సినిమా వచ్చింది, మన టీవీ చానళ్ళు మూడేళ్ళు యుగాంతం యుగాంతం అని ఊదరగొట్టాయి. మా పక్కింటి ఆంటీ టెన్షన్‌తో కూతురి పెళ్ళి ముందుకి జరిపారు కూడా. జరిగిందల్లా ఏమిటంటే, 1,44,000 రోజుల బక్తున్ అనే చక్రం పదమూడోది 2012 డిసెంబరు 21న పూర్తయింది. మన కారు మీటరు తిరిగినట్టే. పాలెంకే అనే మాయా నగరపు శాసనంలో క్రీ.శ. 4772లో జరగబోయే ఒక తేదీ ప్రస్తావన ఉంది. ప్రపంచం ఆగిపోతుందనుకుంటే అంత దూరం ఎందుకు లెక్కేస్తారు?

అపోహ: మయసభ కట్టిన మయుడి వంశమే మాయాలు.

ఇది మన ప్రత్యేకం. ప్రతి పండక్కీ వాట్సాప్‌లో వస్తుంది. వాళ్ళ కాలగణన క్రీ.పూ. 3114లో మొదలవుతుంది, కలియుగం క్రీ.పూ. 3102లో, చూశారా అంటారు. పన్నెండేళ్ళ తేడా ఉందని వాళ్ళే చెబుతున్నారు మరి. 'మాయా' అన్నది యుకాతాన్ ప్రాంతంలో వాడుకలో ఉన్న పేరు, అక్కడి మాయాపాన్ అనే నగరం పేరులోనూ ఉంది. తికాల్ రాజుని "మీరు మాయాలా?" అని అడిగితే ఆయనకి అర్థమయ్యేది కాదు. ఎవరి నగరం పేరు వాళ్ళది. వాళ్ళ భాషకీ సంస్కృతానికీ చుట్టరికం లేదు.

బంగారు నగరాలు, స్ఫటిక పుర్రెలు కూడా ఈ కోవలోవే. మాయాలకి అన్నిటికన్నా విలువైనది పచ్చటి జేడ్ రాయి. బంగారం వాళ్ళ దగ్గరికి చాలా ఆలస్యంగా, కొంచెంగా చేరింది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న స్ఫటిక పుర్రె మీద తిరిగే చక్రంతో సానబట్టిన గీతలు కనిపించాయి, అంటే ఐరోపావాళ్ళు వచ్చాక పుట్టిన సరుకు.

అపోహ: మాయాలు అంతరించిపోయారు. ఉన్నదున్నట్టు తీస్తే కథ నడవదు.

గ్వాటెమాలా జనాభాలో నలభై శాతానికి పైగా మాయాలే. దాదాపు ముప్పై మాయా భాషలు ఈరోజు ఇళ్ళలో మాట్లాడుతున్నారు. 2015లో 'ఇష్కనూల్' అనే సినిమా కక్చికెల్ భాషలో వచ్చి బెర్లిన్‌లో అవార్డు తీసుకుంది. అందులో నటించిన మరియా మెర్సెడెస్ కొరోయ్ తర్వాత 2022 నాటి 'బ్లాక్ పాంథర్' సినిమాలో నేమోర్ అనే విలన్ పాత్రకి తల్లిగా కనిపించింది.

కథ నడవదనేవాళ్ళకి నేను ఇద్దరి సంగతి చెబుతాను. మొదటిది గొన్సాలో గెర్రెరో. 1511లో ఓడ మునిగి యుకాతాన్ తీరానికి కొట్టుకొచ్చిన స్పానిష్ నావికుడు. మాయా అమ్మాయిని పెళ్ళాడి, పిల్లల్ని కని, అక్కడే సైన్యాన్ని నడిపే స్థాయికి ఎదిగాడు. 1519లో స్పానిష్ సేనాని కోర్తెస్, తర్వాత ఆజ్టెక్ రాజ్యాన్ని జయించినవాడు, కబురు పంపితే రానన్నాడు. నా మొహం మీద పచ్చబొట్లున్నాయి, చెవులు కుట్టించుకున్నాను, ముగ్గురు పిల్లలున్నారు, స్పెయిన్‌వాళ్ళు నన్ను చూసి ఏమంటారు అన్నాడట.

రెండోది గుర్రం. 1525లో కోర్తెస్ ఇట్సా మాయాల ద్వీప నగరం నొహ్‌పెతెన్ మీదుగా వెళ్తూ, కాలు దెబ్బతిన్న తన గుర్రాన్ని వాళ్ళ రాజుకి అప్పగించాడు. గుర్రమంటే ఏమిటో తెలియని జనం దాన్ని మర్యాదగా చూసుకున్నారు, అది చచ్చిపోతే విగ్రహం చేసి పూజించారు. 1618లో ఇద్దరు ఫ్రాన్సిస్కన్ సన్యాసులు అక్కడికి వెళ్ళి గుళ్ళో గుర్రాన్ని చూసి నిర్ఘాంతపోయారు. ఒకాయనకి కోపం ఆగక దాన్ని రాయితో పగలగొట్టాడు. జనం చంపేస్తామని మీదకొస్తే ఎలాగో ప్రాణాలతో బయటపడ్డారు. ఆ నగరం స్పెయిన్‌కి లొంగింది 1697లో, కోర్తెస్ మెక్సికో తీరంలో దిగిన 178 ఏళ్ళకి.

ఈ గుర్రం కథ ఒక నిర్మాతకి చెప్పాను. మొత్తం విని, "బాగుంది. మరి హీరో ఎవరు?" అన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాను.