పెరటి గ్యాస్ గ్రిల్ కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలలో చాలామంది మొదటి వేసవిలోనే పెరట్లోకి గ్యాస్ గ్రిల్ తెచ్చుకుంటారు. కొన్నేళ్లు తిరిగేసరికి బర్నర్లకు చిల్లులు పడి, అడుగు రేకు తుప్పు పట్టి, ఆ గ్రిళ్లు మరమ్మతుకు నా దగ్గరికి వస్తాయి. గ్రిళ్లను బిగించడం, బాగుచేయడం నా వృత్తి కనుక ఒక విషయం గట్టిగా చెప్పగలను: గ్రిల్ ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చేవి కంటికి కనిపించే మూత, తలుపులు కావు; మంట తాకే బర్నర్లు, వాటిపై కప్పిన రేకులు, వంట పెట్టే జాలీ, ఇవన్నీ అమరే పెట్టె అయిన మంటగది. కొనేటప్పుడు ఎవరూ వంగి చూడనివి కూడా ఇవే.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాసి ఉంటే తుప్పు పట్టదు.

వాస్తవం: స్టెయిన్‌లెస్ స్టీల్ అంతా ఒకటి కాదు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి కాబట్టి వేడికీ తేమకూ బాగా తట్టుకుంటుంది. 430 రకంలో నికెల్ దాదాపు ఉండదు. ధర తక్కువ, మెరుపు అంతే, ఆరుబయట ఆయుష్షు మాత్రం తక్కువ. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీల్ అని చాలామంది నమ్ముతారు. ఆ పరీక్ష 430ని పట్టిస్తుంది గానీ, నికెల్‌లో చాలా భాగం తగ్గించి మాంగనీసు కలిపిన 201 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు. పైగా వంచిన అంచుల దగ్గర 304 సైతం కొద్దిగా ఆకర్షిస్తుంది. అందువల్ల ఏ భాగం ఏ రకం స్టీల్‌తో చేశారో తయారీదారు వివరాల పత్రంలో చదివి తెలుసుకోవడమే సరైన పద్ధతి. బర్నర్లు, జాలీ 304వి అయి, పక్క తలుపులు 430వి అయినా నాకు అభ్యంతరం లేదు. అదే తలకిందులైతే ఆ గ్రిల్ వద్దని చెబుతాను.

గాల్వెస్టన్ వంటి సముద్రతీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి 304 కూడా మచ్చలు పడుతుంది. అక్కడ 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిసిన 316 రకానికి పెట్టే ఖర్చు వృథా కాదు. ఈత కొలనులో వేసే క్లోరిన్ బిళ్లలను గ్రిల్ కింది అరలో దాచడం కూడా స్టీల్‌ను అలాగే తినేస్తుంది. మన వంటకు ప్రత్యేకంగా మరొకటి చెప్పాలి: ఉప్పు, నిమ్మరసం, పెరుగు కలిపి నానబెట్టిన మాంసం నుంచి కారే ఊట ఎండిపోయి రేకులపైనే ఉండిపోతే గుంటలు పడతాయి కనుక, ప్రతిసారీ గ్రిల్ చల్లారాక తుడవడం అవసరం. పోత అల్యూమినియంతో చేసిన మంటగదికి తుప్పు బెడద లేదు. అయితే అల్యూమినియం సుమారు 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కాబట్టి, పేరుకున్న కొవ్వు అంటుకుంటే అది దెబ్బతినవచ్చు. కొవ్వు పళ్లేన్ని ఖాళీ చేస్తూ ఉండాలి.

అపోహ: బీటీయూలు ఎంత ఎక్కువైతే గ్రిల్ అంత శక్తిమంతం.

వాస్తవం: బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం. గ్రిల్‌పై రాసే ఆ సంఖ్య చెప్పేది గంటకు ఎంత గ్యాస్ కాలుతుందన్నదే. దాన్ని వంట చేసే ఉపరితల వైశాల్యంతో భాగించి చూడాలి. 600 చదరపు అంగుళాలకు 48,000 బీటీయూలంటే చదరపు అంగుళానికి 80. 400 చదరపు అంగుళాలకు 36,000 అంటే 90. సంఖ్య చిన్నదైనా రెండో గ్రిల్‌కే వేడి ఎక్కువ. మూత సరిగ్గా కూర్చోకపోతే ఈ లెక్క కూడా పనికిరాదు. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్‌లో సుమారు 4,30,000 బీటీయూల శక్తి ఉంటుంది. 48,000 చొప్పున కాల్చితే తొమ్మిది గంటలలోపే అయిపోతుంది.

అపోహ: గ్యాస్, స్మోకింగ్ (తక్కువ వేడిలో పొగతో వండడం) రెండూ ఒకే యంత్రంలో కొంటే రెండూ సమానంగా కుదురుతాయి.

వాస్తవం: కాలిన వాయువులు బయటికి పోవడానికి గ్యాస్ గ్రిల్ వెనుక భాగంలో పెద్ద ఖాళీ ఉంటుంది. భద్రత కోసం అది ఉండి తీరాలి, దాన్ని మూయకూడదు. పొగ కూడా ఆ దారినే త్వరగా వెళ్లిపోతుంది. స్మోకింగ్‌కు 225 నుంచి 250 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి గంటల తరబడి నిలకడగా ఉండాలి. ఒక పక్క బర్నర్ ఒక్కటే సన్నగా వెలిగించి, దానిపై పొగ కోసం చెక్కముక్కల పెట్టె ఉంచి, మాంసాన్ని రెండో పక్కన పెడితేనే అది సాధ్యం. అందుకే కనీసం మూడు బర్నర్లు ఉన్న గ్రిల్‌నే సిఫారసు చేస్తాను. కోడి, చేప, పనీర్ వంటివి ఈ పద్ధతిలో చక్కగా వస్తాయి. కోడి లోపలి వేడి 165 డిగ్రీలకు చేరిందని చూసుకుంటే చాలు. మేక తొడ, బ్రిస్కెట్ (పశువు ఛాతీ మాంసం) వంటి గట్టి మాంసం సంగతి వేరు. వాటిలోని కొలాజెన్ అనే గట్టి పీచు మెత్తని జెలటిన్‌గా మారడానికి లోపలి వేడి నెమ్మదిగా 195 నుంచి 205 డిగ్రీల దాకా ఎక్కాలి, అన్ని గంటలూ మంచి పొగ అందడం గ్యాస్ గ్రిల్ మీద కష్టం.

ఒక పక్క గ్యాస్, మరో పక్క బొగ్గు, చివర పొగగది కలిపి అమ్మే చవక యంత్రాలు పలుచని రేకుతో చేసినవి. ఇక్కడి స్మోకింగ్ నిపుణులు వాడే పొగగదుల ఉక్కు పావు అంగుళం మందం ఉంటుంది. మన దోసె పెనం మందంగా ఉంటేనే వేడి నిలకడగా ఉన్నట్టు, గాలి వీచినా వాటిలో వేడి పడిపోదు. అంత ధర పెట్టలేనప్పుడు మధ్యరకం గ్యాస్ గ్రిల్ ఒకటి, సాదా బొగ్గు కెటిల్ (మూత ఉన్న గుండ్రటి బొగ్గు గ్రిల్) ఒకటి విడివిడిగా కొనడం మేలని నా అభిప్రాయం.

అపోహ: చెక్కముక్కలను నీళ్లలో నానబెడితే పొగ ఎక్కువ.

వాస్తవం: నీరు చెక్క లోపలికి పెద్దగా ఇంకదు. మొదట వచ్చేది ఆవిరి, అది ఆరాకే పొగ మొదలవుతుంది. పొడి చెక్కే వాడండి.

అపోహ: మంట సన్నగా వస్తే బర్నర్ పాడైనట్టే.

వాస్తవం: ఈ అపోహ వల్ల బాగున్న గ్రిళ్లు కూడా చెత్తకుప్పకు చేరుతున్నాయి. సిలిండర్ వాల్వ్‌ను ఒక్కసారిగా తెరిస్తే, గ్యాస్ లీకవుతోందన్నట్టుగా భద్రతా ఏర్పాటు ప్రవాహాన్ని తగ్గించేస్తుంది. బర్నర్లు, వాల్వ్ అన్నీ మూసేసి, గొట్టం విప్పి, కొద్దిసేపటికి మళ్లీ బిగించి, వాల్వ్‌ను నెమ్మదిగా తిప్పితే మంట మామూలుగా వస్తుంది. మంట పసుపుగా, ఊగిసలాడుతూ ఉంటే బర్నర్ గొట్టంలో సాలీడు గూడు కట్టిందేమో చూడాలి. ఆ గూడు వల్ల మంట వెనక్కి తన్ని ముందు పలక కాలిపోవచ్చు కనుక, చాలాకాలం వాడని గ్రిల్‌ను వెలిగించే ముందు గొట్టాలు శుభ్రం చేయాలి.

అపోహ: ప్రొపేన్ గ్రిల్‌ను ఇంటి గ్యాస్ పైపుకు అలాగే కలుపుకోవచ్చు.

వాస్తవం: ఘనపుటడుగు ప్రొపేన్‌లో దాదాపు 2,500 బీటీయూలు ఉంటే సహజవాయువులో సుమారు 1,000 మాత్రమే, పీడనాలూ వేరు. గ్యాస్ వదిలే రంధ్రాల కొలత మారకుండా పైపు మార్చితే మంట సరిపోదు. తిరగేసి, సహజవాయువు గ్రిల్‌కు ప్రొపేన్ ఇస్తే మంటలు ప్రమాదకరంగా ఎగుస్తాయి. ఏ ఇంధనం వాడతారో ముందే నిశ్చయించుకుని దానికి తగినదే కొనాలి.

అపోహ: జీవితకాల వారంటీ ఉంది కనుక చింత లేదు.

వాస్తవం: చాలా వారంటీలు తయారీ లోపాలకే వర్తిస్తాయి, పైపై తుప్పును మినహాయిస్తాయి, బర్నర్లకు వేరే గడువు పెడతాయి. ఆ పత్రంలో బర్నర్లు, మంటగది అన్న వరుసలు విడిగా చదవండి. తరువాత అదే కంపెనీ పదేళ్ల కిందటి మోడల్‌కు బర్నర్లు, కవచపు రేకులు ఇప్పటికీ అమ్ముతోందా అని వెతకండి. దొరకకపోతే, ఇప్పుడు మీరు కొనే గ్రిల్‌కు కూడా బర్నర్ చిల్లు పడిన నాడు భాగాలు దొరకకపోవచ్చు.