చినవాల్తేరు నుంచి అమలాపురం దాకా: తాగుడు మానాలనుకునే మనిషికి వైద్యం ఎందుకింత దూరమైంది

కోనసీమలో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ణి చినవాల్తేరు పంపాలిరా" అనేస్తారు. చిన్నప్పుడు నేనూ అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో విశాఖలో పెట్టిన పిచ్చాసుపత్రి అది, గోదావరి జిల్లాల జనానికీ చాలాకాలం అదే దిక్కు. 1912 నాటి లూనసీ చట్టం కింద అక్కడ చేర్చాలంటే ఎక్కువగా మేజిస్ట్రేటు ఆర్డరు కావాలి, అంటే జబ్బు మనిషిని కూడా కోర్టు మెట్లెక్కించాలి. ఆ చట్టం బదులు 1987లో కొత్తది చేశారు, అది అమల్లోకి వచ్చేసరికి 1993.

ఇక తాగుడు. అసలు దాన్ని జబ్బుగా చూసిందెవరు? 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లను ఊరూరికీ చేర్చింది ప్రభుత్వమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు, ఏడాది తిరిగేసరికి అంటే 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ ఆడవాళ్ల పోరాటం మీద నాకు చాలా గౌరవం. కానీ షాపు మూసిన మర్నాటి నుంచి చేతులు వణికే మనిషిని ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పేవాళ్లు లేరు. పైగా మన డెల్టాలో యానాం ఉంది, అది పాండిచ్చేరి కిందది కాబట్టి నిషేధం అక్కడికి వర్తించలేదు. మా మేనమామ గోదావరి దాటి అక్కడికే వెళ్లొచ్చేవాడు.

ఆయన ఒక కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేశాడు. మూడో రోజు సాయంత్రం పూజలో హారతి పళ్లెం పట్టుకుంటే చేతులు వణికి, వెలుగుతున్న కర్పూరం కిందపడింది. నియమం తప్పాడు, స్వామి ఆగ్రహించాడు అన్నారు పక్కవాళ్లు. ఆ రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని అరుస్తూ గోడంతా గీకేశాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఫిట్స్ వచ్చాక గానీ ఎవరికీ ఆసుపత్రి గుర్తుకు రాలేదు. రాజోలు నుంచి అమలాపురం, అక్కణ్ణుంచి ఎదుర్లంక రేవు (అప్పటికి వంతెన లేదు), పంటు మీద యానాం, మళ్లీ బస్సెక్కి కాకినాడ. బతికాడు. నెలనెలా రమ్మన్నారు, రెండుసార్లు వెళ్లి మానేశాడు, ఒక్కో రాకపోకకి రెండు రోజుల కూలి పోతే ఎవరు వెళ్తారు? మళ్లీ తాగుడు మొదలైంది. మా అత్తయ్యని కూర్చోబెట్టి ఇది జబ్బమ్మా, ఇలా ఇలా ఉంటుంది అని ఒక్కరూ చెప్పలేదు.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే వచ్చింది. వైద్యం జిల్లా స్థాయికి రావాలని 1996లో దేశం మొత్తం మీద 4 జిల్లాల్లో మొదలుపెడితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్‌ను తీసుకున్నారు. మనవైపు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఎయిమ్స్ వాళ్లు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని అందులో తేలింది. ఆ ఏడాదే మన రాష్ట్రంలో దశలవారీ నిషేధమన్నారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో తాగుడు మాన్పించే డీ-అడిక్షన్ సెంటర్లు పెట్టారు. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తిరిగొచ్చాయి, 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. అదే ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌కి పోతే నెలకి వేలల్లో కట్టాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి మాత్రం అందరికీ తెలియాలి. తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే సమస్యలు కూడా దాని పరిధిలోకే వస్తాయి. కనీస సేవలు జిల్లాలో దొరకాలి, దొరకకపోతే ఆ జిల్లాలోనే ఇంకోచోట చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వం తిరిగివ్వాలని 18వ సెక్షన్‌లో రాసుంది. అడిగినవాళ్లని నేనింతవరకు చూడలేదు. 2022లో జిల్లాలు విడగొట్టాక కోనసీమ వాళ్లకి అమలాపురమే జిల్లా కేంద్రం, అడగాల్సింది ఇక అక్కడే. అదే ఏడాది అక్టోబరులో టెలీ మానస్ అని ఫోన్లోనే మానసిక సమస్యలకి సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ వచ్చింది, దానికి 14416 నొక్కితే తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు, తాగేవాళ్లే చేయాలని లేదు, టెన్షన్‌తో నిద్రపట్టని భార్య చేసినా వింటారు.

ఈసారి మీ ఇంట్లో రోజూ తాగే మనిషి మాల వేసుకుంటానంటే సంతోషించండి, కానీ వారం ముందే ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు, దానికి మందులున్నాయి. తాగుడు మాన్పిస్తాయంటూ ఆ మనిషికి చెప్పకుండా కూరలో కలిపే పొడుల జోలికి మాత్రం వెళ్లకండి, అది తిని పైన తాగితే గుండె మీదకి రావచ్చు. ఓపీకి వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లు కూడా లోపలికెళ్లి డాక్టరు ఎదురుగా కూర్చోండి.